బూట్లు విప్పని చుట్టం

ఊమెయో,
2001 ఫిబ్రవరి 12

దీసాకి,

నిలబడి చదువుతుంటే ముందు కూర్చో. నీ స్నేహితురాలు గొప్పదైపోయింది. గొప్పవాళ్లు చేత్తోనే ఉత్తరాలు రాస్తారు. అదీగాక మా ల్యాబులో అందరికీ కలిపి ఒకటే కంప్యూటరు, నేను అందులో ఏం రాసినా మా విభాగం పెద్ద ఓవె కాఫీ తాగుతూ చదివేస్తాడు.

సంగతేమిటంటే, మైనపు పురుగు ప్రోటీన్ రూపం తేలింది. తేలడమే కాదు, దాని మీదున్న గాడి ఖాళీగా లేదు. అందులో ఒక ముద్ద ఉంది.

నిన్న బేకరీలో ఉన్న మా అక్కకి ఫోన్ చేసి ఈ ముద్ద గొప్పతనం చెప్పబోయాను. "చూడక్కా, పురుగులకి మనలాగా టీకాలుండవు. ఒంట్లోకి బ్యాక్టీరియా దూరితే దాని గోడని తడిమి, ఇది మనది కాదు అని పోల్చుకునే ప్రోటీన్ ఒకటుంటుంది. తేనెపట్టులో మైనం తినే పురుగు నెత్తుట్లోంచి దాన్ని తీసి స్ఫటికం కట్టించాను. దాని గాడిలో బ్యాక్టీరియా గోడ ముక్క ఇరుక్కుని ఉండగా పట్టుకున్నాను" అన్నాను. అక్క, "ఎంతుంటుందే అది?" అంది. "కంటికి కనబడదు" అన్నాను. "మరి చూశానన్నావు?" అంది. స్ఫటికం మీద ఎక్స్‌రే వేస్తే చుక్కలు పడతాయనీ, ఆ చుక్కల్ని లెక్కగడితే మబ్బులాంటి పటం వస్తుందనీ, ఆ మబ్బులో అణువుల్ని ఒక్కొక్కటిగా కూర్చోబెట్టాలనీ చెప్పాను. "మబ్బులో నీకు నచ్చింది కూర్చోబెట్టుకోవచ్చన్నమాట" అని, పొయ్యిలో రొట్టెలు మాడుతున్నాయని పెట్టేసింది. దానికి సైన్సు రాదులే.

పత్రం రాసి పత్రికకి పంపేశాను. వాళ్లు ఒప్పుకుంటే నా బతుకు ఒడ్డున పడ్డట్టే. ఇక్కడ నా ఉద్యోగం సెప్టెంబరుతో సరి. ఐదేళ్ల పదవి ఒకటి ఖాళీ అయింది, ఎంపిక సంఘం ఆగస్టు చివర్లో కూర్చుంటుంది. "గాడిలో ముక్క కనబడితే పదవి నీదే, ఖాళీ గాడికి ఎవరూ జీతమివ్వరు" అని ఓవె మొహం మీదే చెప్పాడు. నలభై రెండేళ్లొచ్చాయి. ఇది తప్పితే మా అక్క పక్కన నిలబడి దాల్చినచెక్క రొట్టెలు చుట్టుకోవాలి. అవి కూడా నాకు సరిగా చుట్టడం రాదు.

నీ ఈగ ప్రోటీన్ ఏమంటోంది? ఇంకా బురదేనా?

నీ,
రగ్న

స్ట్రాస్‌బర్గ్,
మార్చి 5

ఒసే గొప్పదానా,

నీ ఉత్తరం నిలబడే చదివాను. చదివాక కూర్చున్నాను. సంతోషం. నిజంగా సంతోషమే.

నా ఈగ ప్రోటీన్ స్ఫటికం కట్టనని మొండికేసింది. ఉప్పు పెంచితే బురద, తగ్గిస్తే పలచటి బురద. మా పెద్దాయన వోగెల్ రోజూ పొద్దున్నే వచ్చి నా గిన్నెల్లోకి తొంగి చూసి, "మదామ్ ఎక్‌లూండ్, ఇవాళ పులుసు ఎలా ఉంది?" అని అడుగుతాడు. ఎనిమిదేళ్లుగా ఇక్కడున్నా ఆయన వేళాకోళానికి ఫ్రెంచిలో తిరిగి అనడం చేతకాక నవ్వేస్తాను. నేను చాలా కలుపుగోలు మనిషినని ఇక్కడ పేరు పడింది.

ఒక సంగతి. ఎక్స్‌రే కోసం స్ఫటికాన్ని గడ్డకట్టించే ముందు దేంట్లో ముంచావు? ఊరికే అడుగుతున్నాను. మేమిక్కడ పట్టుమని ఒక స్ఫటికం కూడా ముంచే భాగ్యానికి నోచుకోలేదు కదా, వినైనా ఆనందిద్దామని.

ఆగస్టు ఎంపిక సంగతి నాకు తెలియదు. ముందే చెప్పి ఉంటే బావుండేది.

దీసా

ఊమెయో,
ఏప్రిల్ 11

దీసాకి,

పత్రిక నుంచి జవాబొచ్చింది. ఇద్దరు పరిశీలకులకి పంపారట, వాళ్ల పేర్లు చెప్పరు కదా. మొదటివాడు దేవుడు. "అద్భుతం, వెంటనే వేసుకోండి, నలభయ్యో వరుసలో కామా లేదు" అని రాశాడు. కామా కూడా నిజంగానే లేదు.

రెండోవాడున్నాడే, వాడికి ఏ జన్మలోనో నేను అప్పు ఎగ్గొట్టి ఉంటాను. పేజీల కొద్దీ దులిపేశాడు. బట్టతల, కడుపులో మంట, జర్మనీవాడు అయి ఉంటాడని ఇక్కడ అందరం తీర్మానించాం. ఆ ముద్ద బ్యాక్టీరియా ముక్కేనని నమ్మడానికి ఆధారం చాలదట. స్ఫటికాన్ని గడ్డకట్టించేటప్పుడు మంచు పట్టకుండా ముంచిన గ్లిజరినే గాడిలో చేరిందేమో చూశారా అని అడిగాడు. గ్లిజరిన్‌ట. ఊమెయోలో చలికాలమంతా పగిలిన పెదాలకి రాసుకునే గ్లిజరిన్‌కీ, బ్యాక్టీరియా గోడకీ తేడా తెలియకుండానే నాకు డాక్టరేటు ఇచ్చారనుకున్నాడు కాబోలు. "బాగా రాయించుకున్నావు తల్లీ, చదువుతుంటే నాకే చెమటలు పట్టాయి" అన్నాడు ఓవె.

నేను వాడినవి నూరిన గోడ ముక్కలు, అన్ని రకాలూ కలిసిపోయి ఉంటాయి కాబట్టి, శుద్ధిచేసిన ఒకే రకం ముక్కతో మళ్లీ చేసి చూపించమన్నాడు. అది ఎక్కడ దొరుకుతుందో మాత్రం చెప్పలేదు. బజారులో అమ్మేది కాదని వాడికీ తెలిసే ఉంటుంది.

ఇంకో విచిత్రం. చివరి పేజీలో ఇలా ఉంది: "ఈ అతిథి గుమ్మంలో బూట్లు విప్పే లోపలికి వచ్చాడా అన్నది రచయిత్రి గమనించాలి." ఏం భాషే ఇది? ఓవెకి అర్థం కాలేదు. నేనూ అర్థం కానట్టే ఊరుకున్నాను. నీకేమైనా తడితే చెప్పు.

గ్లిజరిన్‌లోనే ముంచాను. నువ్వు మార్చిలో అడిగావు, జవాబు రాయడం మర్చిపోయాను.

రగ్న

స్ట్రాస్‌బర్గ్,
ఏప్రిల్ 24

రగ్నా,

జర్మనీవాడనీ బట్టతలనీ ఎందుకనుకుంటున్నావు? ఎవరో పాపం వాళ్ల పని వాళ్లు చేశారు. నిజానికి ఆ గ్లిజరిన్ మాటలో న్యాయముందేమో ఒకసారి చూడు. గోడ ముక్కలేవీ వేయకుండా, ఉత్త గ్లిజరిన్‌లో ముంచిన స్ఫటికాన్ని ఎక్స్‌రే కింద పెడితే తేలిపోతుంది కదా. ముద్ద రాకపోతే ఆ పరిశీలకుడి మొహాన కొట్టొచ్చు. వస్తే పత్రం అచ్చయ్యాక నలుగురూ నవ్వే బదులు ఇప్పుడే తెలుస్తుంది. అంత కఠినంగా రాసినవాళ్లకి నీ మీద కోపమే ఉండాలని లేదు.

బూట్ల సంగతి నాకూ తెలియలేదు. ఇంగ్లీషు సరిగా రానివాళ్లెవరో అయి ఉంటారు.

ఇక్కడ కొంగలు వచ్చాయి. మా ల్యాబు పొగగొట్టం మీదే గూడు కట్టుకున్నాయి. ఆ కట్టడం చూస్తే వాటికైనా ఒక పద్ధతి ఉందనిపిస్తుంది. నేనింకా పులుసే కాస్తున్నాను.

దీసా

ఊమెయో,
మే 16

దీసాకి,

చేశాను. హాంబుర్గ్ వెళ్లి అక్కడి ఎక్స్‌రే కింద పెట్టి మరీ చూశాను.

ఉత్త గ్లిజరిన్‌లో ముంచిన స్ఫటికంలో అదే ముద్ద. అదే చోట, అదే వంపుతో, నా వంక చూసి నవ్వుతున్నట్టు. మూడు గ్లిజరిన్ అణువులు బస్సు కోసం నిలబడ్డట్టు ఒకదాని వెనక ఒకటి వరసగా చేరాయి. ఇంకో స్ఫటికాన్ని గ్లిజరిన్ ఊసే లేకుండా పారఫిన్ నూనెలో ముంచి చూశాను. గాడి బోసిగా ఉంది. నేను కనిపెట్టింది నేను పోసిన గ్లిజరిన్‌నే. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, లేని ముక్కలో ప్రతి పరమాణువుకీ అంకె వేసి, రంగుల బొమ్మ గీయించి, పత్రంలో రెండు పేజీలు దాని వయ్యారం వర్ణించాను.

ఎవరు మనవాళ్లో ఎవరు పరాయివాళ్లో పోల్చుకునే ప్రోటీన్ మీద పదేళ్లుగా పనిచేస్తున్నాను. మైనం తినే పురుగుకున్నపాటి పోల్చుకునే తెలివి కూడా నాకు లేదు. నా సీసాలోదాన్ని నేనే పోల్చుకోలేకపోయాను.

పత్రం వెనక్కి తీసుకున్నాను. ఓవెకి చెప్పడానికి వెళ్తే ఆయన అప్పుడే కొరికిన క్రీము బన్ను నోట్లో ఉండగానే, "అయితే గాడి ఖాళీయేనా?" అన్నాడు. ఖాళీయే అన్నాను. బన్ను మింగి, "ఆగస్టు దాకా టైముంది" అన్నాడు, మంచివాడే. బయటికొచ్చి స్నానాలగదిలో కూర్చుని ఏడ్చాను. చేతులకి రాసుకునే సీసా అక్కడే ఉంది. దాని మీద కూడా గ్లిజరిన్ అనే ఉంది. నవ్వొచ్చింది.

ఆ పరిశీలకుడిని తిట్టినందుకు సిగ్గుగా ఉంది. అచ్చులో పడి పరువు పోకుండా ఆపాడు. ఎవరో తెలిస్తే కృతజ్ఞత చెప్పుకునేదాన్ని. ఇప్పుడు నా దగ్గర మంచి స్ఫటికాలున్నాయి, వేయడానికి శుద్ధమైన ముక్క లేదు. అది ఎవరి దగ్గరుందో నీకేమైనా తెలుసా దీసా? తెలిస్తే చెప్పు. ఇంకేమీ అడగను.

రగ్న

స్ట్రాస్‌బర్గ్,
మే 28

రగ్నా,

ఆ పరిశీలకుడిని నేనే.

నాలుగు కాగితాలు చింపాను, ఇంతకంటే బాగా మొదలుపెట్టడం రాలేదు. నీ పత్రం ఫిబ్రవరి చివర్లో నా బల్ల మీదికి వచ్చింది. రచయిత్రి నా స్నేహితురాలు, నేనూ ఈగలో ఇదే ప్రోటీన్ వెంట పడుతున్నాను, నేను చూడకూడదు అని ఆ రోజే పత్రికకి రాసి తిప్పి పంపాల్సింది. పంపలేదు. పంపితే ఇంకెవరో "అద్భుతం, కామా లేదు" అని వదిలేస్తారు, ఆ తర్వాత నువ్వు నలుగుర్లో నవ్వులపాలవుతావు అని నాకు నేను చెప్పుకున్నాను. అది నిజమే. నిజమంతా అదే కాదు. నీ స్ఫటికాల బొమ్మ చూసినప్పుడు కడుపు మండింది. నా గిన్నెల్లో బురద, నీ గిన్నెల్లో వజ్రాలు. గ్లిజరిన్ సంగతి రాయడం న్యాయమే. శుద్ధమైన ముక్క కావాలని రాశానే, అది అంత న్యాయం కాదు. యూరప్‌లో అది మా రసాయన విభాగం వాళ్ల దగ్గరే ఉందని నాకు తెలుసు. తెలిసే అడిగాను. నీ దారికి అడ్డంగా నా కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

ఇక బూట్ల సంగతి. ఉప్సాలాలో చదువుకునేటప్పుడు హెల్‌గ్రెన్ మాస్టారు వంటింట్లో మనిద్దరినీ కూర్చోబెట్టి చెప్పేవాడే, "గాడిలోకొచ్చే అణువు ఒంటికంటుకున్న నీళ్లని గుమ్మంలోనే వదిలేసి రావాలి, మనింటికొచ్చేవాడు బూట్లు విప్పినట్టు. బూట్లతోనే లోపల నిలబడ్డవాడు చుట్టం కాదమ్మా, పోస్ట్‌మేన్" అని. ఆ మాట విన్నది మనిద్దరమే, చెప్పినాయన పోయి ఆరేళ్లయింది. రాసేటప్పుడు చేతి అలవాటుగా వచ్చిందో, నువ్వు పట్టుకోవాలనే రాశానో ఎంత ఆలోచించినా తేలడం లేదు. నువ్వు అడిగినప్పుడు ఇంగ్లీషు రానివాళ్లని రాశాను చూశావా, ఆ అబద్ధానికి ఎక్కువ సిగ్గుపడుతున్నాను.

వోగెల్‌కి అంతా చెప్పాను. నాకు పూర్తిగా అర్థమయ్యేలా, నెమ్మదిగా, స్పష్టమైన ఫ్రెంచిలో తిట్టాడు. పత్రిక సంపాదకుడికీ రాశాను. ఇక నాకు ఎవరి పత్రాలూ పంపరట, అది వాళ్ల ధర్మం. తిట్టడమయ్యాక వోగెల్ రసాయన విభాగానికి తనే ఫోన్ చేశాడు. దీనితో పాటు పెట్టెలో మంచు మధ్య చిన్న సీసా ఉంటుంది. అదే నువ్వడిగిన ముక్క. దీనికి బదులుగా నా పేరు ఎక్కడా వేయక్కర్లేదు.

క్షమించమని రాయలేకపోతున్నాను. నా స్థానంలో నువ్వుంటే ఆ మొదటిరోజే తిప్పి పంపేదానివి.

దీసా

ఊమెయో,
ఆగస్టు 13

దీసాకి,

రెండున్నర నెలలు రాయలేదంటే పనిలో పడి కాదు. కోపంతో. సీసా విప్పకుండా వారం రోజులు ఫ్రిజ్‌లో పెట్టాను. దాన్ని చూసినప్పుడల్లా నువ్వే లోపల కూర్చున్నట్టనిపించి తలుపు ఈడ్చి వేసేదాన్ని. ఓవె, "ఫ్రిజ్ ఏం చేసిందే నిన్ను?" అన్నాడు.

నాకు ఏప్రిల్ నుంచే తెలుసు. బూట్ల మాట చదవగానే మాస్టారి వంటింట్లో ఉడికే పంది మాంసం వాసనతో సహా గుర్తొచ్చింది. శుద్ధమైన ముక్క మీ దగ్గరుందని కిందటి క్రిస్మస్ కార్డులో నువ్వే రాశావు. నీ నోట్లో నువ్వుగింజ నానదు, రాసింది కూడా గుర్తుండదు. అందుకే మళ్లీ మళ్లీ అడిగాను. ఏప్రిల్‌లో అర్థం కానట్టు అడిగితే గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఆ పరిశీలకుణ్ణి వెనకేసుకొచ్చావు. మేలో కృతజ్ఞత అని అడిగాను. జూన్‌లో వచ్చే మిడ్సమ్మర్ పండుగ లోపు నువ్వు చెప్పకపోతే ఇక జన్మలో నీకు రాయకూడదనుకున్నాను. చెప్పావు. చెప్పాక కోపం పోతుందనుకున్నాను, పోలేదు. నేనూ నీతో నెలన్నర నాటకమాడానని తెలిసొచ్చాక కొంచెం తగ్గింది. నన్ను అంత మంచిదానిగా రాశావు కానీ, ఆ పత్రం నాకొస్తే తిప్పి పంపేదాన్నో లేదో ప్రమాణం చేయలేను.

సీసా విప్పాను. కొత్త స్ఫటికాల మీద ఆ ముక్క వేసి, పారఫిన్ నూనెలో ముంచి, హాంబుర్గ్ వెళ్లాను. గాడిలో ఏదో ఉంది. ఏమిటో నేను చెప్పను. ఫిబ్రవరిలో నేనొక్కదాన్నే చూశాను, నాకు కావలసిందే కనబడింది. ఇప్పుడు నాకు ఇంకా ఎక్కువ కావాలి, అందుకని నా కళ్ల మీద నాకు నమ్మకం లేదు. సీడీలో ఉత్త పటమే ఉంది, అణువులేవీ పెట్టలేదు. దీన్ని ఇంకెవరికీ చూపించలేదు, ఓవెకి కూడా. నేను కూర్చోబెట్టింది వేరే సీడీలో, అంటించిన కవరులో పెట్టాను. ముందు పటం చూసి ఏముందో నువ్వు తేల్చుకుని, తర్వాతే కవరు విప్పు.

ఎంపిక సంఘం ముప్ఫయ్యో తేదీ గురువారం కూర్చుంటుంది. అది గ్లిజరిన్ అన్నా, నూనె అన్నా, నా కళ్ల జబ్బు అన్నా అలాగే రాయి. అదే పట్టుకెళ్లి వాళ్లకి చూపిస్తాను. నీ మాట మీద అనుమానం పెట్టుకోను. బేకరీలో రొట్టెలు ఎలా చుట్టాలో అక్క ఇప్పటికే నేర్పుతోంది.

రగ్న

స్ట్రాస్‌బర్గ్,
ఆగస్టు 21

రగ్నా,

మూడు రోజులు చూశాను. కాదని నిరూపించడానికి నాకు తెలిసినవన్నీ చేశాను. నువ్వు తప్పని తేలాలని కోరుకున్న క్షణాలు కూడా ఉన్నాయి, అవీ లెక్కలోకి తీసుకుని చూశాను. బ్యాక్టీరియా ముక్కే. గ్లిజరిన్ కాదు, నూనె కాదు.

తర్వాత నీ కవరు విప్పాను. ఒసే మహాతల్లీ, దాన్ని తలకిందులుగా పెట్టావు. ఆ ముక్కకి ఒక కొస చక్కెర, రెండో కొస తోక కదా, చక్కెర కొసని లోపలికి తోసి, తోకని బయట వేలాడేశావు. తోక లోపలికి పోవాలి, అక్కడ దాన్ని పట్టుకోవడానికి ప్రోటీన్ చేయి చాచి ఉంది, నీ బొమ్మలో ఆ చేయి ఉత్త గాలిని పట్టుకుంటోంది. నవ్వు ఆపుకోలేకపోయాను. వోగెల్ తలుపు తీసి, "మదామ్, పులుసు అంత బాగుందా?" అన్నాడు. ఈసారి ఫ్రెంచిలోనే జవాబు చెప్పాను, అది ఇక్కడ రాయడానికి వీల్లేదు. ఆయన వెళ్లాక ఏడుపొచ్చింది.

తిప్పి పెట్టి పంపుతున్నాను. ముప్ఫయ్యో తేదీ లోపు చేరుతుంది, ఎక్స్‌ప్రెస్‌లో వేశాను. దీన్ని చూసిన పరిశీలకురాలెవరని సంఘంలో ఎవరైనా అడిగితే దాచొద్దు. పూర్తి పేరుతో సంతకం పెడుతున్నాను.

దీసా ఎక్‌లూండ్